తొందరపడని ఈస్టు

బీరు తయారుచేసేవాళ్లు ఏల్ ఈస్టు ఎంచుకునేటప్పుడు ముఖ్యంగా రెండు గుణాలు చూస్తారు. అది తన సొంత వాసన బీరుకు అంటించకూడదు. పులియడం పూర్తయ్యాక బుద్ధిగా అడుక్కి దిగిపోయి పైన తేటను మిగల్చాలి. ఈస్టు అమ్మే కంపెనీలు కూడా ఈ రెంటినీ పక్కపక్కన, ఒకదానికొకటి సంబంధం లేని మార్కుల్లా వేస్తాయి. రుచి ‘న్యూట్రల్’, అడుక్కి దిగడం ‘హై’. రెంటిలోనూ ఎక్కువ మార్కులొచ్చినదాన్ని కొనుక్కుంటే పనైపోతుందనిపిస్తుంది. కానీ ఈ రెండు గుణాలకూ చాలాసార్లు పొసగదు. మరీ తొందరగా అడుక్కి చేరే ఈస్టు చేయాల్సిన పనిని సగంలో వదిలేస్తుంది. ఆ వదిలేసిన పనే తర్వాత గ్లాసులో వాసనగా బయటపడుతుంది. ఈస్టు ఎంత గట్టిగా అడుగున పేరుకుంటుందని అడిగేవాళ్లే ఎక్కువ. ఎప్పుడు పేరుకుంటుందని ముందు అడగాలన్నది ఈ వ్యాసం వాదన.

ఏల్ అంటే ఏమిటో ముందు చూద్దాం. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని, అంటే మాల్ట్‌ను వేడినీళ్లలో నానబెట్టి, వడగట్టి, హాప్స్ అనే చేదు పూలు వేసి మరిగించి చల్లార్చిన తీపి ద్రవాన్ని వర్ట్ అంటారు. అందులో వేసిన ఈస్టు చక్కెరలు తిని ఆల్కహాలునూ కార్బన్ డయాక్సైడునూ ఇస్తుంది. మన ఊళ్లలో సీసాల్లో అమ్ముడయ్యే బీర్లలో చాలావరకు లాగర్లే. వాటి ఈస్టు 10 డిగ్రీల సెల్సియస్ చుట్టుపక్కల, చల్లటి చోట, నింపాదిగా పనిచేస్తుంది. ఏల్ ఈస్టుది శాకరోమైసిస్ సెరెవిసియే అనే జాతి, రొట్టెను పొంగించేదీ అదే. 18 నుంచి 20 డిగ్రీల దగ్గర నాలుగైదు రోజుల్లో పెద్దపని ముగించేస్తుంది. ఆ హడావుడిలో ఆల్కహాలుతోపాటు వాసననిచ్చే పదార్థాలెన్నో పుడతాయి. ఐసోఎమైల్ ఎసిటేట్ ఉంటే అరటిపండు, 4-వినైల్ గ్వయకాల్ ఉంటే లవంగం, ఎసిటాల్డిహైడ్ ఉంటే పచ్చి యాపిల్, డయాసిటైల్ ఉంటే వెన్న గుర్తొస్తాయి. జర్మనీ గోధుమ బీరులో అరటిపండూ లవంగమూ లేకపోతే తాగేవాళ్లు వెనక్కి పంపేస్తారు. మాల్ట్, హాప్స్ ముందుండాల్సిన పేల్ ఏల్‌లో అవే వాసనలొస్తే చెడిపోయిందంటారు. ‘క్లీన్’ ఈస్టు కూడా వీటిలో కొన్నిటిని పుట్టిస్తుంది. అయితే చివరికి మన ముక్కుకు తగిలేంత మిగలనివ్వదు. పుట్టించడానికీ మిగల్చడానికీ ఉన్న ఈ తేడాను గుర్తుపెట్టుకోవాలి, అసలు కథంతా అక్కడే ఉంది.

ఈ శుభ్రత కొంతవరకు పుట్టుకతో వచ్చేదే. బెల్జియంలో కెవిన్ వెర్‌స్ట్రెపెన్ బృందం 157 ఈస్టు రకాల జన్యుక్రమాలను చదివి 2016లో ‘సెల్’ పత్రికలో ప్రచురించింది. లవంగం వాసనకు కారణమైన రెండు జన్యువులు బీరు ఈస్టుల్లో చాలావాటిలో దెబ్బతిని పనిచేయడం మానేశాయని అందులో తేలింది. గోధుమ బీరు ఈస్టుల్లో మాత్రం అవి చెక్కుచెదరలేదు. సూక్ష్మజీవులనేవి ఉన్నాయని తెలియని కాలం నుంచీ బ్రూవర్లు బాగా వచ్చిన తొట్టి నురగను తీసి తర్వాతి తొట్టిలో వేస్తూ వచ్చారు, బాగోలేనిదాన్ని పారబోశారు. రైతు మంచి కంకి చూసి విత్తనం దాచినట్టు, తరతరాలుగా వాళ్ల నాలుకే ఎంపిక చేసింది. ఒకే కణం నుంచి శుద్ధమైన ఈస్టును పెంచే పద్ధతి 1883లో వచ్చింది. కోపెన్‌హాగెన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ దాన్ని సాధించాడు. అంతకుముందున్నదంతా నోటి లెక్కే. ఏ ఈస్టు ఏ వాసన వేస్తుందన్నది ఇలా దాని వంశంలో నిలిచిపోయింది కాబట్టి, లవంగం వాసన వచ్చేశాక తీసే ఉపాయం బ్రూవర్ చేతిలో దాదాపు లేదు.

అడుక్కి దిగడం సంగతి వేరు. ఈస్టు కణం వెడల్పు 5 నుంచి 10 మైక్రాన్లు. అంత చిన్నది ఒంటరిగా ఉంటే రోజుల తరబడి తేలుతూనే ఉంటుంది. ద్రవంలో రేణువు దిగే వేగం దాని వ్యాసం వర్గాన్నిబట్టి పెరుగుతుందని స్టోక్స్ సూత్రం చెబుతుంది. అంటే గుంపుకట్టి పదింతలు వెడల్పైన ముద్ద, లెక్క ప్రకారం, వందరెట్లు వేగంగా దిగాలి. ముద్దలో కణాల మధ్య బీరు కూడా చిక్కుకుంటుంది గనుక నిజంలో అంత వేగం రాదు, అయినా తేడా కంటికి కనబడేంత ఉంటుంది. ఈ గుంపుకట్టడాన్నే ఫ్లాక్యులేషన్ అంటారు. ఇందులో బయటి మందు అక్కర్లేదు, జిగురు కణం ఒంటిమీదే ఉంటుంది. ఫ్లో జన్యువులనే కుటుంబం తయారుచేసే ప్రోటీన్లు కణం గోడ మీద వెంట్రుకల్లా పొడుచుకొస్తాయి. పక్క కణం గోడలో ఉన్న మ్యానోజ్ అనే చక్కెరను అవి పట్టుకుంటాయి. ఆ పట్టు నిలవాలంటే నీటిలో కాల్షియం ఉండాలి.

ఇందులో అసలు చమత్కారం వేళలో ఉంది. బీరు ఈస్టుల్లో ఎక్కువవాటికి, వర్ట్‌లో ఉన్న గ్లూకోజ్, మాల్టోజ్‌లు కూడా ఆ ప్రోటీన్లకు అడ్డుపడతాయి. చక్కెర ఉన్నంతసేపూ పక్క కణాన్ని పట్టుకునే వీలుండదు. చక్కెర అయిపోవస్తుండగా పట్టు దొరుకుతుంది, గుంపులు మొదలవుతాయి. పని ఉన్నన్నాళ్లూ తేలడం, పని తీరాక దిగడం అనే ఏర్పాటు కణంలోనే ఉందన్నమాట. అయితే మ్యానోజ్‌కు తప్ప ఇంకే చక్కెరకూ లొంగని రకాలూ ఉన్నాయి. అవి తీపి ద్రవంలోనే ముద్దకట్టేయగలవు. ‘బాగా అడుక్కి దిగుతుంది’ అన్న ఒకే మాట కింద వేళ తెలిసిన ఈస్టూ వేళ తెలియని ఈస్టూ రెండూ పడిపోతున్నాయి. ప్యాకెట్ మీది ‘హై’ అన్న మార్కు వాటిని విడదీసి చెప్పదు.

వేళ తప్పితే ఏమవుతుందో వెన్న వాసన చక్కగా చూపిస్తుంది. ఈస్టు వాలైన్ అనే అమైనో ఆమ్లాన్ని తయారుచేసుకునేటప్పుడు ఆల్ఫా-ఎసిటోలాక్టేట్ అనే పదార్థం కొంత బయటికి కారిపోతుంది. దానికి వాసన లేదు. అది బీరులో తనంతట తాను మెల్లగా డయాసిటైల్‌గా మారుతుంది. లీటరుకు 0.1 మిల్లీగ్రాము చేరేసరికి చాలామంది ముక్కు పట్టేస్తుంది. చక్కెర అయిపోయాక కూడా తేలుతూ ఉన్న ఈస్టు ఈ డయాసిటైల్‌ను లోపలికి తీసుకుని వాసన లేని పదార్థంగా మార్చేస్తుంది. ఇంటి శుభ్రం ఇలా చివరి రెండు మూడు రోజుల్లో జరుగుతుంది. ఈస్టు అప్పటికే అడుగున గట్టిపడి ఉంటే శుభ్రం చేసే దిక్కుండదు. శుభ్రం పూర్తయిందో లేదో పట్టుకోవడానికి బ్రూవరీల్లో చేసే పరీక్ష చాలా తేలిక. ట్యాంకు నుంచి రెండు చిన్న పాత్రల్లోకి బీరు తీసి రెంటికీ మూత పెడతారు. ఒకదాన్ని 60 డిగ్రీలు దాటిన వేడినీళ్లలో ఇరవై నిమిషాలు ఉంచుతారు, రెండోదాన్ని అలాగే వదిలేస్తారు. వేడిచేసినదాన్ని చల్లార్చి రెండు మూతలూ తీసి వాసన చూస్తారు. వేడి తగిలినదాంట్లో సినిమాహాలు పాప్‌కార్న్ గుప్పుమంటే, దాగి ఉన్న పదార్థం ఇంకా మిగిలే ఉందని, ట్యాంకును చల్లబరచే వేళ ఇంకా రాలేదని అర్థం. రెండూ ఒకేలా ఉంటే ఈస్టును దింపేయొచ్చు.

తొందరపాటు ఖరీదు వాసనతో ఆగదు. వర్ట్ సాంద్రత 1.048 దగ్గర మొదలై 1.012కి దిగితే చక్కెరలో 75 శాతం పులిసిందని బ్రూవర్ల లెక్క. 1.020 దగ్గరే ఈస్టు కూర్చుండిపోతే 58 శాతమే. బీరు తీయగా, జిగటగా ఉంటుంది. అది పూర్తయిందనుకుని సీసాల్లో నింపితే, ఈస్టు మళ్లీ లేచి మిగిలిన చక్కెర తిని సీసాలు పగలగొట్టే ప్రమాదమూ ఉంది. ల్యాబుల కేటలాగుల్లోనే ఈ బేరం కనిపిస్తుంది. అమెరికాలోని వైట్ ల్యాబ్స్ అమ్మే ఇంగ్లిష్ ఏల్ ఈస్టు, డబ్ల్యూఎల్‌పీ002, అడుక్కి దిగడంలో ‘వెరీ హై’. అది చక్కెరను తినేది 63 నుంచి 70 శాతం. అదే ల్యాబు కాలిఫోర్నియా ఏల్, డబ్ల్యూఎల్‌పీ001, ‘మీడియం’. తినేది 73 శాతానికి పైనే.

ఇంగ్లండు చరిత్ర చూస్తే ఈ బేరానికి రాతితోనూ చెక్కతోనూ కట్టిన సాక్ష్యాలున్నాయి. యార్క్‌షైర్ ప్రాంతపు ఈస్టులు విపరీతంగా ముద్దకట్టేవి. వాటిని మేల్కొలపడానికి అక్కడివాళ్లు రెండంతస్తుల రాతి తొట్లు కట్టుకున్నారు. కింది నుంచి బీరును తోడి పై అంతస్తులో చిమ్ముతూ, నిద్రపోతున్న ఈస్టును పదేపదే కలియబెట్టాలి. ట్యాడ్‌కాస్టర్‌లోని శామ్యూల్ స్మిత్ బ్రూవరీ ఇప్పటికీ ఆ రాతి తొట్లలోనే పులియబెడుతోంది. బర్టన్-ఆన్-ట్రెంట్‌ది దీనికి తలకిందుల బాధ. అక్కడి ఈస్టు పొడిపొడిగా తేలేదే తప్ప సరిగ్గా ముద్దకట్టేది కాదు. అందుకని వరసగా పేర్చిన చెక్క పీపాలకు హంసమెడ గొట్టాలు బిగించి, పొంగిన నురగతోపాటు ఈస్టు పై తొట్టిలోకి పోయేలా చేశారు. ఆ బర్టన్ యూనియన్లు చూడటానికి అందంగా ఉంటాయి, కడగడానికి మాత్రం నరకం. మార్‌స్టన్స్ తన చివరి యూనియన్లను 2024లో ఆపేసింది, ఒక సెట్టును డెర్బీషైర్‌లోని థార్న్‌బ్రిడ్జ్ బ్రూవరీ కాపాడుకుంది. ఒక చోట ఈస్టును లేపడానికి, మరో చోట వదిలించుకోవడానికి తరాల తరబడి యంత్రాంగం మోశారు. అంత యంత్రాంగం పెట్టుకోలేని చిన్న బ్రూవర్‌కు ఈ రెండు కొసలూ పనికిరావు.

అందుకే ప్రపంచంలో చిన్న బ్రూవరీల ఉద్యమం వెంట నడిచిన ఈస్టు ఒక మధ్యేమార్గం ఈస్టు కావడంలో ఆశ్చర్యం లేదు. కాలిఫోర్నియాలోని చీకో పట్టణంలో కెన్ గ్రాస్‌మన్, పాల్ కముసి మొదలుపెట్టిన సియెరా నెవాడా బ్రూవరీ 1980 నుంచి బీరు చేస్తోంది. దాని పేల్ ఏల్‌లో కాస్కేడ్ హాప్స్ పరిమళం అంత విడిగా వినిపించడానికి, ఈస్టు నోరు మూసుకుని ఉండటం ఒక కారణం. ఆ వంశాన్నే ఇవాళ వైట్ ల్యాబ్స్ 001గా, వైఈస్ట్ 1056గా, ఫెర్మెంటిస్ పొడి రూపంలో సాఫేల్ యూఎస్-05గా అమ్ముతున్నాయి. బద్ధకంగా దిగుతుందని, పైన నురగ రోజుల తరబడి కరగదని దీన్ని తిట్టుకునేవాళ్లున్నారు. తిట్టుకోవాల్సిన పనిలేదు. ఆ ఆలస్యంలోనే అది వెన్న వాసనను తినేస్తోంది. పరీక్షలో వాసన లేదని తేలాక ట్యాంకును సున్నా నుంచి 2 డిగ్రీలకు దించి రెండు మూడు రోజులు ఉంచితే ఈ ఈస్టు కూడా చాలావరకు అడుక్కి చేరుతుంది.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం వస్తుంది. లాలెమాండ్ కంపెనీ నాటింగ్‌హామ్ ఈస్టు వేగంగా, గట్టిగా అడుక్కి దిగుతుంది, చక్కెరా బాగా తింటుంది, వాసనా పెద్దగా వేయదు. మరి ఈ పోట్లాట ఎక్కడుంది? నిజమే, నాటింగ్‌హామ్ మంచి ఈస్టే, మినహాయింపుగా దాన్ని ఒప్పుకోవాల్సిందే. ఫెర్మెంటిస్ ఎస్-04 కూడా చల్లగా ఉంచితే చాలావరకు అంతే. అయితే ఇవి నెగ్గుతున్నది గట్టిగా దిగడం వల్ల కాదు, పని ముగించాక దిగడం వల్ల. గట్టిదనం, వేళ రెండూ కలిసొచ్చిన రకాలు తక్కువ. అవి దొరికితే సంతోషంగా వాడుకోవచ్చు. దొరకనప్పుడు దేన్ని వదులుకోవాలన్నదే ప్రశ్న. తేటను బయటి నుంచి తెచ్చుకోవచ్చు, శుభ్రతను తెచ్చుకోలేం కాబట్టి తేట విషయంలోనే సర్దుకోవాలి.

బయటి నుంచి తెచ్చుకోవడమంటే ఫిల్టరు, సెంట్రిఫ్యూజు, లేదా తేర్చే మందులు. పెద్ద కంపెనీలకు మొదటి రెండూ ఉంటాయి, వాళ్లు ఈస్టు దిగుతుందా లేదా అని అంతగా బెంగపడరు. చిన్నవాళ్లకు మిగిలేది మందులే. ఇంగ్లండు పీపాల బీరులో తరతరాలుగా వాడింది ఐసింగ్లాస్, అంటే ఎండబెట్టిన చేప గాలితిత్తి. ఇంట్లో తయారుచేసుకునేవాళ్లు వాడేది జెలటిన్, అది పశువుల ఎముకలు, చర్మాల నుంచి వస్తుంది. శాకాహారులు కూడా బీరు తాగే మన సమాజంలో ఇది చిన్న విషయం కాదు. గ్లాసులో చేప లేదని నమ్మి తాగేవాళ్లకు ఆ సంగతి చెప్పే బాధ్యత అమ్మేవాడిది. కాబట్టి అడుక్కి దిగే గుణాన్ని కొట్టిపారేయడానికి వీల్లేదు. మరిగించేటప్పుడే వేసే సముద్రపు నాచు, ఐరిష్ మాస్, ప్రోటీన్లను దింపుతుంది. మీడియం ఈస్టుకు ఆ నాచూ, చల్లదనమూ, రెండు మూడు రోజుల ఓపికా తోడైతే జంతు పదార్థమేదీ లేకుండానే బీరు తేరుతుంది.

ఇప్పుడు మసక బీరే ఫ్యాషన్ కదా, తేట గోల దేనికని అడగొచ్చు. న్యూ ఇంగ్లండ్ తరహా ఇండియా పేల్ ఏల్ (ఐపీఏ)లో కనిపించే మసక ఎక్కువగా ఓట్స్, గోధుమల ప్రోటీన్లూ హాప్స్ పాలీఫినాల్సూ కలిసి చేసేది. అందులో ఈస్టు మడ్డి తేలడం కూడా తప్పే, నాలుక మీద చేదుగా, పిండిలా తగులుతుంది. అంత శుభ్రతే కావాలంటే లాగరే చేసుకోవచ్చుగా అన్నది ఇంకో మాట. చేసుకోవచ్చు, కానీ వారాల తరబడి ట్యాంకును చల్లగా నిలబెట్టాలి. కరెంటు బిల్లు, ఖాళీ లేని ట్యాంకులు రెండూ చిన్న బ్రూవరీని కుంగదీస్తాయి.

2015లో తెలంగాణ ప్రభుత్వం మైక్రోబ్రూవరీలకు నిబంధనలు తెచ్చాక హైదరాబాదులోనూ ఈ లెక్కలు మొదలయ్యాయి. వేసవిలో బయట 40 డిగ్రీలు దాటే ఊళ్లో మరో వాదన వినిపిస్తుంది. నార్వే పల్లెల నుంచి వచ్చిన క్వైక్ ఈస్టు 35 నుంచి 40 డిగ్రీల్లో హాయిగా పులియబెడుతుంది, అడుక్కీ బాగా దిగుతుంది, మన వాతావరణానికి అంతకన్నా ఏం కావాలి? ఎండకు సరిపోతుంది, నిజమే. కానీ వాస్ రకం క్వైక్ నారింజ తొక్క వాసన వేస్తుంది. అది బాగుంటుంది, క్లీన్ మాత్రం కాదు. యూఎస్-05నైనా 30 డిగ్రీల గదిలో వదిలేస్తే పులిసే వేడికి లోపల ఇంకా పెరిగి పండ్ల వాసనలు, ఘాటు తెచ్చిపెడుతుంది. మంచి వంశమున్న ఈస్టుకు కూడా మొదటి మూడు రోజులు 18–20 డిగ్రీల చల్లదనం ఇవ్వాల్సిందే.

నీటి సంగతి చాలామంది మర్చిపోతారు. ఆర్‌ఓ నీటిలో కాల్షియం దాదాపు ఉండదు. మాల్ట్ నుంచి కొంత వస్తుంది గానీ, లీటరుకు 50 మిల్లీగ్రాములకు తగ్గకుండా చూసుకోవడం మంచిది. జిప్సమో కాల్షియం క్లోరైడో కలపాలి. ఈస్టు దిగలేదని ప్యాకెట్‌ను తిట్టేముందు ఇది సరిచూసుకోవాలి. ఒక తొట్టి ఈస్టును తర్వాతి తొట్టికి వాడుకునేవాళ్లు శంకువు ఆకారపు ట్యాంకు అట్టడుగు పొరను పారబోసి మధ్య పొరను తీసుకుంటారు. అట్టడుగున ఉండేవి అందరికన్నా ముందు దిగిన కణాలు. ప్రతిసారీ వాటినే ఎంచుకుంటూ పోతే, కొన్ని తరాలకు మంచి ఈస్టు కాస్తా తొందరపాటు ఈస్టుగా తయారవుతుంది.

మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు తయారుచేయడం ఎక్సైజ్ చట్టం ప్రకారం నేరం. అమెరికాలో 1978 నాటి చట్టంతో కేంద్ర స్థాయిలో అది అనుమతి పొందింది, ఇద్దరు పెద్దలున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్ల హద్దు. అక్కడ ఈ పని మొదలుపెడుతున్న తెలుగువాళ్లకైనా, ఇక్కడ మైక్రోబ్రూవరీ ట్యాంకు పక్కన నిలబడేవాళ్లకైనా ఎంపిక ఒక్కటే. హాప్స్ ముందుండే బీరుకు చీకో వంశపు ఈస్టు తీసుకోండి. గది 15 డిగ్రీల దగ్గర ఉంచగలిగితే, తేట త్వరగా కావాలంటే నాటింగ్‌హామ్. మాల్ట్ తీపి ముందుండే ఇంగ్లిష్ బిట్టర్‌కు ఎస్-04. ‘వెరీ హై’ అని రాసున్న ద్రవ ఈస్టుల్ని, తొట్టిని కదిలించి లేపే ఓపిక ఉంటేనే ముట్టుకోండి. ఏది కొన్నా ప్యాకెట్ మీది గడువు తేదీ చూసి, దుకాణంలో ఫ్రిజ్‌లో పెట్టినదే అడిగి తీసుకోండి.